నాటే రోజు నుంచి వెనక్కి లెక్క



ఫిబ్రవరి సగానికి వచ్చాం. మినియాపొలిస్, డెట్రాయిట్, టొరంటో లాంటి చోట్ల ఉన్న మన తెలుగువాళ్ళ పెరళ్ళు ఇంకా మంచు కిందే ఉన్నాయి. దుకాణాల్లో మాత్రం పూల విత్తనాల పొట్లాలు బారులు తీరాయి. వాటిని చూస్తే చెయ్యి ఊరుకోదు. బంతి, జినియా, సెలోషియా, పెటూనియా, ఏది కనిపిస్తే అది కొనేస్తాం. ఇంటికొచ్చి పొట్లాలన్నీ బల్ల మీద పరిచాక అసలు ప్రశ్న మొదలవుతుంది. వీటిని ఇంట్లో ఎప్పుడు విత్తాలి?

ఈ పూట ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. మధ్యలో కొన్ని తేదీలు చెబుతాను కాబట్టి కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. విత్తే తేదీ కోసం వెతకవద్దు. నాటే తేదీ తేల్చుకోండి. నారు ఆరుబయట నేలలోకి వెళ్ళే రోజు ఏదో ఖాయం చేసుకుని, ఆ రోజుకి నారు ఎన్ని వారాల వయసులో ఉండాలో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఏ పువ్వు లెక్క దానిదే. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక ఆదివారం పొట్లాలన్నీ చింపి ఒకేసారి విత్తితే, అందులో కొన్ని ముదిరిపోతాయి, కొన్ని అందకుండా పోతాయి.

వరి పండించే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. నారు పోసే ముందే రైతు కాలవకి నీళ్ళు ఎప్పుడొస్తాయో, నాట్లు ఎప్పుడు పడతాయో ఆలోచిస్తాడు. నీళ్ళు ఆలస్యమై నారు మడిలోనే ముదిరిపోతే, నాటాక పిలకలు సరిగా వెయ్యదు. పూల నారుకీ అదే ధర్మం. అక్కడ నీళ్ళు రావడం కోసం చూస్తాం, ఇక్కడ చలి పోవడం కోసం చూస్తాం. నారు వయసు లెక్క రెండు చోట్లా ఒక్కటే.

అసలు ఇంట్లో ఎందుకు విత్తాలి, వేసవి రాగానే నేలలోనే చల్లుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మినియాపొలిస్ ప్రాంతాన్నే తీసుకోండి. మే నెల మధ్య నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా, సుమారు ఐదు నెలలే పూల మొక్కలకు బతికే కాలం. గునుగు జాతి సెలోషియా విత్తనం పడ్డాక పూతకి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. మే చివర్లో చల్లటి నేలలో చల్లితే అది మెల్లగా మొలిచి, ఆగస్టు చివరికి గానీ పూయదు. పూసిన నెల రోజులకే చలి వచ్చి పడుతుంది. ఇంట్లో నారు పెంచుకుంటే ఆ ఐదు నెలలకి ముందు మరో నెలా నెలన్నర కలిసి వస్తుంది. పూలు జులైలోనే మొదలవుతాయి. పెటూనియా, బిగోనియా లాంటి నెమ్మది మొక్కల్ని గింజ నుంచి పెంచాలంటే ఇంట్లో విత్తడం తప్ప దారే లేదు.

ఇప్పుడు నాటే తేదీ ఎలా తేల్చుకోవాలో చూద్దాం. దీనికి ఆధారం వసంతంలో చివరి ఫ్రాస్ట్. అంటే రాత్రి వేళ ఆకుల మీద తేమ గడ్డకట్టి తెల్లటి పొరగా పరుచుకోవడం. నీరు గడ్డకట్టేది 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, మన సెల్సియస్ లెక్కలో సున్నా. అయితే రేడియోలో, ఫోనులో చెప్పే ఉష్ణోగ్రత నేలకి నిలువెత్తున కొలిచినది. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. అలాంటప్పుడు గాలిలో 36 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా నేలకి దగ్గరున్న ఆకు మీద ఫ్రాస్ట్ పడవచ్చు. చల్లగాలి బరువు కాబట్టి పల్లంలో ఉన్న పెరటికి గండం ఇంకా ఎక్కువ.

వాతావరణ శాఖలు పాత రికార్డులు చూసి ప్రతి ఊరికీ చివరి ఫ్రాస్ట్ తేదీ లెక్కగడతాయి. మినియాపొలిస్ విమానాశ్రయం దగ్గర అది సాధారణంగా ఏప్రిల్ ఆఖరికి, మే మొదటికి మధ్య పడుతుంది. కానీ ఆ తేదీని గుడ్డిగా పట్టుకోకూడదు. అది మధ్యస్థపు తేదీ. సగం ఏళ్ళలో ఆ తర్వాత కూడా ఫ్రాస్ట్ పడిందని దాని అర్థం. పైగా నగరం మధ్య కాంక్రీటు వేడిని పట్టి ఉంచుతుంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఈడెన్ ప్రెయిరీ, మేపుల్ గ్రోవ్, వుడ్‌బరీ లాంటి శివార్లలో రాత్రులు ఇంకాస్త చల్లన. అందుకే ఇక్కడి తోటమాలులు మే 15ను ఆధారంగా పెట్టుకుంటారు. వేడి కోరే మొక్కల్ని మే ఆఖరి సోమవారం వచ్చే మెమోరియల్ డే దాకా నాటరు. ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్‌లో ఉన్నవాళ్ళు మరో వారం పది రోజులు ఆగాలి.

ప్రతి చల్లటి దేశంలోనూ ఇలాంటి కట్టుబాటు ఒకటి ఉంటుంది. కెనడాలో మే 25కి ముందు వచ్చే సోమవారం విక్టోరియా డే, సుకుమారమైన మొక్కలకు అదే నాట్ల పండగ. జర్మనీలో మే 11 నుంచి 15 దాకా వచ్చే కొందరు క్రైస్తవ పునీతుల రోజుల్ని మంచు పునీతుల రోజులంటారు. ఆఖరిది సోఫియా రోజు. అది దాటాకే అక్కడి పల్లెల్లో పూల నారు బయటికి తీసే ఆచారం. చదువుకో ఉద్యోగానికో జర్మనీ వెళ్ళిన మన పిల్లలు పక్కింటి పెద్దావిణ్ణి అడిగితే ఈ మాటే చెబుతుంది.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. కొన్ని విత్తనాల పొట్లాల వెనక రంగురంగుల పటం ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ తయారుచేసిన హార్డీనెస్ జోన్ల పటం అది. 2023లో వచ్చిన కొత్త పటం 1991 నుంచి 2020 దాకా రికార్డుల మీద ఆధారపడింది. చాలామంది తమ జోను నంబరు చూసి విత్తే తేదీ అడుగుతారు. ఆ పటం చెప్పేది శీతాకాలంలో మీ ఊళ్ళో చలి ఎంత లోతుకి దిగుతుందో మాత్రమే. ఏళ్ళ తరబడి నేలలో ఉండే గులాబీ, పియొనీ లాంటి మొక్కలు బతుకుతాయా లేదా అని తేల్చడానికి అది పనికొస్తుంది. ఒక్క వేసవి బతికే బంతికి, జినియాకి మీ జోనుతో పని లేదు. మీ ఊరి ఫ్రాస్ట్ తేదీతోనే పని.

ఇప్పుడు కలం తీసుకోండి. నాటే రోజు మే 15 అనుకుని వెనక్కి లెక్కపెడదాం. మీ ఊరు ఇంకా చల్లనిదైతే ఒకటి రెండు వారాలు కలపండి, వెచ్చనిదైతే తీసేయండి.

మొదటి గుంపు, పన్నెండు నుంచి పద్నాలుగు వారాల ముందు విత్తాల్సినవి. అంటే ఫిబ్రవరి 6 నుంచి 20 మధ్య. బిగోనియా, జెరేనియం, లిసియాంథస్ ఈ గుంపులోవి. వీటి పసితనం చాలా పొడుగు. బిగోనియా విత్తనం పొడిలా ఉంటుంది, మొలవడానికే రెండు మూడు వారాలు పడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ గుంపుని వచ్చే ఏడాదికి వదిలేసి, మేలో నర్సరీలో మొక్కలు కొనుక్కోవడం మేలు.

రెండో గుంపు, పది నుంచి పన్నెండు వారాలు. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 6 వరకు. పెటూనియా, స్నాప్‌డ్రాగన్, పాన్సీ. ఈ విత్తనాలూ సన్ననివే. పెటూనియావి గ్రాముకి దాదాపు పది వేలు తూగుతాయి. పెటూనియాకీ స్నాప్‌డ్రాగన్‌కీ మొలకెత్తడానికి వెలుగు కావాలి. మట్టి కప్పకుండా పైన చల్లి, వేలితో మెల్లగా అద్ది వదిలేయాలి. పాన్సీది అందుకు భిన్నం. చీకట్లో బాగా మొలుస్తుంది కాబట్టి కాస్త మట్టి కప్పాలి.

మూడో గుంపు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. మార్చి 20 నుంచి ఏప్రిల్ 3 వరకు. మన మనసుకి దగ్గరైన పూలన్నీ ఇందులోనే ఉన్నాయి. పెద్ద ముద్దబంతి, గునుగు జాతి సెలోషియా, బొగడబంతి, శంఖుపూలు. శంఖుపూల గింజ తోలు గట్టిది. గోళ్ళు రుద్దుకునే ఆకురాయితో ఒక పక్క కాస్త అరగదీసి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి విత్తండి. జూన్ వచ్చి నేల వెచ్చబడే దాకా దాన్ని బయట నాటవద్దు.

నాలుగో గుంపు, నాలుగు వారాలు. ఏప్రిల్ 17 ప్రాంతంలో. జినియా, కాస్మోస్. చిన్న బంతి, అంటే ఇక్కడ ఫ్రెంచ్ మేరీగోల్డ్ పేరుతో అమ్మేది, దీనికి వారం పది రోజుల ముందు విత్తుకుంటే సరిపోతుంది. జినియా మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది, మొలిచాక ఆగదు. మార్చిలోనే విత్తితే మే నాటికి ట్రేలో నిలువునా పొడుగ్గా సాగి పడిపోతుంది.

ఐదో గుంపు ఇంట్లో విత్తనే అక్కర్లేనివి. పొద్దుతిరుగుడు, నాస్టర్షియం, గసగసాల జాతి పాపీలు. వీటి వేళ్ళు కదిపితే ఓర్చుకోవు, తిన్నగా నేలలోనే వేసుకోవాలి. పాపీ గింజల్ని మంచు కరుగుతూ ఉండగానే చల్లవచ్చు. పొద్దుతిరుగుడుకి మాత్రం నేల వెచ్చబడాలి.

ఈ గుంపులు ఎవరో కుదిర్చిన నియమాలు కావు. ప్రతి మొక్కా పుట్టిన చోటు దాని స్వభావంలో ఉంటుంది. మన గుమ్మాలకి తోరణాలు కట్టే బంతి పుట్టిల్లు మెక్సికో. జినియా, కాస్మోస్ కూడా అక్కడివే. వెచ్చటి రాత్రులకు అలవాటుపడ్డ రక్తం వాటిది. ఒక్క ఫ్రాస్ట్ తగిలితే తెల్లారేసరికి నల్లబడి వాలిపోతాయి. ఫ్రాస్ట్ పడకపోయినా, రాత్రులు 50 డిగ్రీల ఫారన్‌హీట్ కిందే ఉంటే ఎదుగుదల ఆపేసి కూర్చుంటాయి. స్నాప్‌డ్రాగన్ మధ్యధరా తీరానిది, పాన్సీ మూలాలు ఐరోపావి. గట్టిపరిచిన నారైతే ఇవి చిన్నపాటి ఫ్రాస్ట్‌ని తట్టుకుంటాయి. అందుకే వీటిని మే 15 దాకా ఆపనక్కర్లేదు, ఏప్రిల్ నెలాఖరుకే బయట నాటేయవచ్చు. అప్పుడు వీటి విత్తే తేదీ కూడా ఆ మేరకు ముందుకి, ఫిబ్రవరి తొలి వారాలకి జరుగుతుంది.

తొందరపడితే ఏమవుతుందో గునుగు ఉదాహరణతో చెబుతాను. మన పొలం గట్ల మీద దానంతట అదే మొలిచే గునుగు శాస్త్రీయ నామం సెలోషియా అర్జెంటియా. ఇక్కడి విత్తనాల పొట్లాల మీద సెలోషియా అని కనిపించేది దాని చుట్టమే. ఈకల కుచ్చులా ఉండే రకాలు, కోడిజుట్టు రకాలు, గోధుమ కంకిలా నిలువుగా పూసే రకాలు దొరుకుతాయి. మన గునుగు లాగా కావాలనుకునేవాళ్ళు ఆ కంకి రకం అడగండి. ఈ మొక్కకి ఒక గుణం ఉంది. వేళ్ళకి చోటు చాలకపోయినా, ఆకలైనా, చలేసినా, ఇక తన పని అయిపోయిందనుకుని బెత్తెడు ఎత్తులోనే కంకి వేసేస్తుంది. అలా ముందే పూసిన మొక్కని తర్వాత ఎంత మంచి నేలలో నాటినా గుబురుగా ఎదగదు. ఫిబ్రవరిలో విత్తిన సెలోషియా ట్రేలో మూడు నెలలు నలిగి నాటుకి వస్తుంది. ఏప్రిల్ మొదటి వారంలో విత్తినది లేత వేళ్ళతో నేలలో దిగి, జులైకల్లా దాన్ని దాటిపోతుంది. కాబట్టి తేదీ విషయంలో తటపటాయింపు వస్తే ఒక వారం ఆలస్యం వైపే మొగ్గండి. లేత నారు ఆ వారాన్ని పూడ్చుకుంటుంది. ముదిరిన నారు పూడ్చుకోలేదు.

పెద్ద బంతికి ఇంకో లెక్క కూడా ఉంది, పగటి పొడుగు లెక్క. హైదరాబాదులో జూన్ నెలలో కూడా పగలు 13 గంటల పైచిలుకే. మినియాపొలిస్‌లో అదే సమయంలో 15 గంటల 30 నిమిషాలు దాటుతుంది. పెద్ద బంతి పగలు కురచబడితే త్వరగా మొగ్గ తొడిగే మొక్క. ఇక్కడి పొడుగాటి పగళ్ళలో ఆకు మీద ఆకు వేస్తూ ఎత్తు పెరుగుతుంది గానీ మొగ్గ ఆలస్యమవుతుంది. మొక్క ఏపుగా ఉంది, పువ్వే లేదని జులైలో దిగులుపడేవాళ్ళు ఎక్కువగా పొడుగు రకాలు వేసినవాళ్ళే. పొట్టి, మధ్యరకం విత్తనాలు ఎంచుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. చిన్న బంతికి పగటి పొడుగుతో అంత పట్టింపు లేదు, విత్తిన రెండు నెలలకి అటూ ఇటూగా పూస్తుంది.

విత్తనాల గురించి ఒక జాగ్రత్త. ఊరు వెళ్ళినప్పుడు అమ్మ దాచిన బంతి గింజలు పెట్టెలో వేసుకు రావాలని ఎవరికి ఉండదు? కానీ నాటడానికి తెచ్చే విత్తనాలకు అమెరికా వ్యవసాయ శాఖ నిబంధనలున్నాయి. అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లాంటివి కావాలి. పంటలకి సోకే తెగుళ్ళు గింజల వెంట ప్రయాణం చేస్తాయి, అందుకే ఆ కట్టడి. ఇక్కడే కొన్న విత్తనాలతో మొదలుపెట్టి, మీ పెరట్లో పూసిన పూల నుంచి ఏటా గింజ దాచుకోండి.

ఇప్పుడు బతుకమ్మ మాట. వెనక్కి లెక్కపెట్టడం నాటే రోజుతో ఆగదు, పండగ రోజు నుంచి కూడా పెట్టాలి. బతుకమ్మ మొదలయ్యే పెత్తర అమావాస్య 2025లో సెప్టెంబరు 21న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠమాసం ఉంది కాబట్టి పండగలన్నీ ఆలస్యంగా వస్తాయి. ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు రెండో వారంలో మొదలై, సద్దుల బతుకమ్మ మూడో వారంలో వస్తుంది. మినియాపొలిస్ శివార్లలో తొలి ఫ్రాస్ట్ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో పడడం మామూలే. అంటే ఆ ఏడాది చలి, పండగ కన్నా ముందే గడపలోకి రావచ్చు.

దీనికి మూడు ఉపాయాలు చెబుతాను. ఒకటి, గునుగు, బొగడబంతి ఎండినా రంగు పోని పూలు. సెప్టెంబరులో బాగా విచ్చిన కంకుల్ని పొడి వాతావరణంలో, తొడిమలు పొడుగ్గా ఉంచి కోయండి. పది పది కాడలు కట్టగట్టి, చీకటిగా గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీస్తే రెండు మూడు వారాల్లో ఎండుతాయి. బతుకమ్మ పేర్చే రోజుకి అవి సిద్ధంగా ఉంటాయి, బయట ఎంత చలి ఉన్నా సరే. రెండు, జినియా గింజలు కొన్ని మిగుల్చుకుని జూన్ రెండో సగంలో నేలలోనే మరో విడత వేయండి. వసంతంలో నాటిన జినియా సెప్టెంబరుకి ఆకుల మీద బూడిద తెగులుతో నీరసపడుతుంది. రెండో విడత అప్పుడు నిండుగా పూత మీద ఉంటుంది. మూడు, ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చిన సాయంత్రం బంతి మడి మీద పాత దుప్పట్లు కప్పండి, అంచులు నేలకి ఆనేలా. నేల వేడి లోపలే ఉండి చాలాసార్లు ఆ రాత్రి గండం గడిచిపోతుంది. ఇక్కడ తొలి ఫ్రాస్ట్ తర్వాత మళ్ళీ వెచ్చటి రోజులు రావడం కద్దు. ఆ ఒకటి రెండు రాత్రులు కాపాడితే పూలు పండగ దాకా అందవచ్చు.

తేదీలు కుదిరాయి. ఇక నారు పెంచే పద్ధతి. మూడు విషయాలు గుర్తుంచుకోండి: వేడి, వెలుగు, తడి. ఈ వరుస కూడా ముఖ్యం.

మొలకెత్తే దాకా కావలసింది వేడి. బంతికీ సెలోషియాకీ మట్టి 70 నుంచి 75 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, సెల్సియస్‌లో 21 నుంచి 24. చలికాలంలో కిటికీ గట్టు రాత్రి పూట దీనికన్నా చాలా చల్లబడుతుంది. ట్రేల కింద పరిచే హీట్ మ్యాట్ దొరుకుతుంది. అది లేకపోతే ఇంట్లో వెచ్చగా ఉండే అల్మరా పైభాగం చూసుకోండి. అలా ఉంచితే బంతి వారంలోపు, సెలోషియా వారం నుంచి రెండు వారాల్లో, బొగడబంతి పది రోజుల నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి.

మొలక కనబడిన రోజు నుంచి కావలసింది వెలుగు. వేడి కాస్త తగ్గించాలి, వెలుగు బాగా పెంచాలి. మార్చిలో దక్షిణపు కిటికీలో పడే ఎండ మన కళ్ళకి ధారాళంగా అనిపించినా నారుకి చాలదు. తెల్లగా, దారంలా సాగి కిటికీ వైపు వంగిపోతుంది. ఇక్కడి ఇళ్ళ బేస్‌మెంట్లలో వర్క్‌షాపు లైట్లు గొలుసులకి వేలాడదీసి నారు పెంచుకోవడం చాలా మంచి పద్ధతి. ట్యూబ్‌లైట్లయితే నారు తలలకి రెండు మూడు అంగుళాల ఎత్తులో, ఎల్‌ఈడీలైతే డబ్బా మీద చెప్పిన ఎత్తులో పెట్టండి. నారు పెరిగే కొద్దీ లైటు పైకి జరపండి. రోజుకి 14 నుంచి 16 గంటలు వెలగాలి, రాత్రి ఆర్పేయాలి. ఒక టైమర్ కొనుక్కుంటే ఆ పని అదే చూసుకుంటుంది.

మూడోది తడి. నారు పోయేది ఎక్కువగా నీళ్ళు తక్కువై కాదు, ఎక్కువై. మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే శిలీంధ్రాలు చేరి, నిన్న నిటారుగా ఉన్న మొలక ఇవాళ మొదలు దగ్గర నల్లబడి వాలిపోతుంది. మన రైతులు దీన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. ఒకసారి వచ్చాక మందు వెతుక్కోవడం కన్నా రాకుండా చూసుకోవడమే దారి. పెరటి మట్టి వాడకండి. పీట్ గానీ కొబ్బరి పొట్టు గానీ పెర్లైట్‌తో కలిపిన నారు మిశ్రమం కొనండి. పాత ట్రేలను బ్లీచ్ కలిపిన నీళ్ళతో కడగండి. మొలకలు రాగానే పైన కప్పిన ప్లాస్టిక్ మూత తీసేయండి. నీళ్ళు పైనుంచి పోయకుండా, కింద పళ్ళెంలో పోసి పీల్చుకోనిచ్చి, మిగిలినవి పారబోయండి. చిన్న ఫ్యాను పెట్టి మెల్లటి గాలి ఆడనిస్తే మట్టి పైపొర ఆరుతుంది, కాండం కూడా గట్టిపడుతుంది.

మొదట విచ్చుకునే రెండు ఆకులు బీజదళాలు. ఆ తర్వాత వచ్చే అసలు ఆకులు రెండు జతలు కాగానే నారుని కాస్త పెద్ద కుండీలోకి మార్చండి. అప్పటి నుంచి వారానికోసారి, ఎరువు పొట్లం మీద రాసిన దాంట్లో సగానికి మించకుండా పలచటి ఎరువు నీళ్ళు చాలు. స్నాప్‌డ్రాగన్, బంతి, బొగడబంతి నాలుగైదు అంగుళాలు పెరిగాక తల తుంచండి. పక్క కొమ్మలు వచ్చి మొక్క గుబురవుతుంది.

ఇక ఆఖరి మెట్టు, చాలామంది తొందరలో దాటేసేది, నారు గట్టిపరచడం. ఆరు వారాలు దీపాల కింద, గాలి తగలకుండా పెరిగిన ఆకుని ఒక్కసారిగా మే నెల ఎండలోకి తెస్తే తెల్లగా మాడిపోతుంది. కాబట్టి నాటే రోజుకి వారం పది రోజుల ముందు మొదలుపెట్టండి. మొదటి రోజు నీడలో ఒక గంట, మర్నాడు రెండు గంటలు, తర్వాత కాస్త ఉదయపు ఎండ, ఇలా పెంచుతూ చివరికి రాత్రి కూడా బయటే ఉంచాలి. రాత్రి 45 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా చల్లబడుతుందంటే లోపలికి తెచ్చేయండి. మీ లెక్కలో ఈ పది రోజుల్ని కూడా ముందే కలుపుకోండి. మబ్బు పట్టిన రోజు సాయంత్రం నాటితే నారుకి సుఖం.

పెరట్లో చోటున్నా ఇంట్లో చోటు లేనివాళ్ళకి కూడా ఒక దారి ఉంది. కోన్‌ఫ్లవర్, మిల్క్‌వీడ్, కొలంబైన్ లాంటి బహువార్షిక పూల గింజలు చలీ తడీ తగిలాకే బాగా మొలుస్తాయి. ఖాళీ పాల ప్లాస్టిక్ డబ్బాని నడుముకి కోసి, అడుగున కన్నాలు పెట్టి, నాలుగు అంగుళాల మిశ్రమం నింపి, గింజలు చల్లి, మళ్ళీ టేపుతో మూసి, మూత తీసేసి మంచులోనే ఆరుబయట వదిలేయండి. వసంతం వచ్చినప్పుడు వాటి సమయానికి అవే మొలుస్తాయి. దీపాలూ అక్కర్లేదు, గట్టిపరచడమూ అక్కర్లేదు. ఈ పనికి ఫిబ్రవరి చాలా మంచి నెల.

శ్రోతలారా, ఈ వారం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని మాత్రం విత్తడం కాదు. మీ ఊరి చివరి ఫ్రాస్ట్ తేదీ కనుక్కోండి. మిన్నెసోటాలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర వాతావరణ కార్యాలయం, మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఎక్స్‌టెన్షన్ విభాగం ఆ వివరాలు ఇస్తాయి. మీ రాష్ట్రంలోనూ అలాంటి ఎక్స్‌టెన్షన్ ఉంటుంది. దానికి ఒకటి రెండు వారాలు కలిపి మీ నాటే రోజు ఖాయం చేయండి. పోయిన ఏడాది గింజలు మిగిలి ఉంటే, పది గింజలు తడి కాగితంలో చుట్టి వెచ్చగా పెట్టి ఎన్ని మొలుస్తాయో చూడండి. ఆరు కన్నా తక్కువైతే కొత్తవి కొనండి. తర్వాత ప్రతి పొట్లం మీదా విత్తే తేదీ పెద్ద అక్షరాలతో రాసి, తేదీల వరుసలో పేర్చి, ఒక డబ్బాలో పెట్టుకోండి. పిల్లలున్న ఇల్లయితే ఈ లెక్క వాళ్ళ చేత వేయించండి. ఏ పువ్వు ఎక్కడ పుట్టిందో, ఎందుకు ఆగాలో తెలుసుకున్న పిల్లలు ఆ నారుని మీ కన్నా జాగ్రత్తగా చూసుకుంటారు.

చలి దేశంలో మన వేసవి చిన్నది. చిన్న వేసవిలో నిండుగా పూలు చూడాలంటే అందరికన్నా ముందు విత్తనక్కర్లేదు. ప్రతి గింజకీ దాని వారాలు దానికి ఇస్తే చాలు. మీ మొదటి పొట్లం మీద రాసిన తేదీ వచ్చే దాకా ఓపిక పట్టండి, వచ్చిన రోజు వాయిదా వేయకండి.